పప్పులుడకని ఊరు

లెడ్‌విల్‌లో పెసరపప్పు కూడా మొరాయిస్తుంది.
గంటన్నర నుంచీ కుతకుతమంటూనే ఉంది,
వేళ్ళతో నొక్కి చూస్తే మాత్రం
ఎక్కడి పలుకు అక్కడే.
నీళ్ళకి ఇక్కడ తొందరెక్కువ,
సరిగ్గా వేడెక్కకుండానే మరిగిపోతాయి
మా ల్యాబ్ మేనేజర్లాగా.

"మన పప్పులు ఇక్కడ ఉడకవే" అంది హైమవతి.
తన మాటకి తనే నవ్వి,
నవ్వు మధ్యలో ఊపిరందక
స్టవ్ గట్టు పట్టుకుంది.

పదివేల నూట యాభై అడుగులు.
చిప్స్ పాకెట్ దిండులా ఉబ్బింది.
షాంపూ సీసా మూత తియ్యగానే నా మొహాన ఉమ్మింది.
మేమింకా ఏ కొండా ఎక్కలేదు.
అద్దెగదికి పదమూడు మెట్లు ఎక్కాం, అంతే.

మంచం మీద రెండు సంచులు నోళ్ళు తెరుచుకుని.
మధ్యలో కొక్కెం తూకం.
నాది ముప్పై నాలుగు పౌన్లు, తనది ముప్పై ఒకటి.
ఇరవై ఎనిమిది దాటకూడదని
ఆర్నెల్ల కిందటే ఒట్టేసుకున్నాం,
రాత్రి డ్యూటీలో, సెంట్రిఫ్యూజ్ గిర్రున తిరుగుతుంటే,
ఎవరివో రక్తాలు ఎరుపూ పసుపూగా విడిపోతుంటే.

ఇక తీసెయ్యడం.
టూత్‌బ్రష్ పిడి సగానికి కోసింది.
సన్‌స్క్రీన్‌ని కంటిచుక్కల సీసాలోకి వంపాను.
మేం నడవబోని మూలలన్నీ
పటంలోంచి కత్తెరతో తీసేసింది.
"దారి తప్పితే?" అన్నాను.
"తప్పిపోయాక పటమెందుకే!"

సాక్సుల మీద పెద్ద పంచాయితీ.
ఉన్ని గెలిచింది, నూలు ఓడింది.
తడిసిన నూలు పైన పగబడుతుందట.

డేరాని ఇద్దరం పంచుకున్నాం.
గుడ్డ నాకు, కర్రలు తనకి.
ఒకరు లేకపోతే రెండోవాళ్ళకి ఇల్లుండదు.
ఆ మాట ఎవరం పైకనలేదు.
గుడ్డ తూచాం. కర్రలు తూచాం.

నా స్లీపింగ్ బ్యాగ్ అడుగున
నవల్లోంచి చింపుకొచ్చిన చివరి నలభై పేజీలు పట్టుకుంది.
తన మందుల సంచీలో
లిప్‌స్టిక్ దొరికింది నాకు.
"పైన ఎవరు చూస్తారే?"
"నేను."
రెండూ ఉండిపోయాయి.

తొమ్మిదింటికి వేలికి క్లిప్పు పెట్టుకున్నాం.
నాది ఎనభై తొమ్మిది.
తనది ఎనభై ఒకటి.
ల్యాబ్‌లో ఇలాంటి అంకె కనబడితే
మరో మాట లేకుండా డాక్టర్‌కి ఫోన్ చేస్తాం,
ఎవరెత్తారో పేరు, టైమూ రాసుకుంటాం.
ఇక్కడ ఎవరికి చెయ్యను?
"వేలు చల్లగా ఉంది, మిషన్ అబద్ధమాడుతోంది"
అని చేతులు రుద్దుకుంది.
ఎనభై రెండు.

పేరేమో హైమవతి. సాక్షాత్తూ కొండ కూతురు.
"పుట్టింటికెళ్ళడానికి ఇంత ఆయాసమేంటే?" అన్నాను.
"పుట్టిల్లు కదా, ఏడిపించకుండా రానిస్తుందా"
అని గోడవైపు తిరిగి పడుకుంది.
తలనొప్పని మాత్రం చెప్పలేదు.
చీకట్లో కణత నొక్కుకోవడం
కిటికీ అద్దంలో చూశాను.

ఎత్తుకి వేసుకున్న మాత్ర వల్ల నా వేళ్ళ చివర చీమలు పాకుతున్నాయి.
ఆ చీమల వేళ్ళతోనే
మూడింటి అలారం ఆపేశాను.

ఆరున్నరకి లేచి తిట్టింది.
బావకి, నాకు, నా వంశానికీ కలిపి తిట్టింది.
ఆరునెలలు అంది, సెలవు మళ్ళీ ఇస్తాడా అంది,
మధ్యలో బాత్‌రూమ్‌కెళ్ళి వాంతి చేసుకొచ్చి
మిగతా తిట్లు పూర్తి చేసింది.
నేను సంచులు కారులో పడేశాను.
పప్పు గిన్నెకి మూతపెట్టి తువ్వాలు చుట్టి
తన ఒళ్ళో పెట్టాను.

రెండువేల అడుగులు కిందికి,
నది పక్కనే వంకరలు తిరిగే రోడ్డు.
చెవులు టప్పుమన్నాయి.
సగం దారిలో నిద్రపోయింది, గిన్నె వదలకుండా.

బ్యూనా విస్టాలో పార్కు బల్ల మీద
మా చిన్న స్టవ్ వెలిగించాను.
లేచి వేలికి క్లిప్పు పెట్టుకుంది. ఎనభై తొమ్మిది.
నాకు చూపించకుండా జేబులో పెట్టేసి,
కారు అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ వేసుకుంది.
"రెండు రాత్రులు ఇక్కడ పడుకుని
మళ్ళీ ఎక్కుదాం" అంది, నా వైపు చూడకుండా.

ఈ ఊరెక్కడుందో చూద్దామని పటం తీశాను.
లేదు.
నిన్న తను కత్తిరించి పారేసిన మూలలో ఉంది.
పప్పు మాత్రం, కొంచెం గట్టిగానే అనుకోండి,
ఉడికింది.