బాలింతబోలు

మిర్చి యార్డు పక్క బడిలో దగ్గు ఆగక
రెండేళ్లుగా మా వంటిల్లే తరగతి గది.
డిసెంబరు మూడో వారం. పాఠం: కేకు.
"మూడు గ్లాసుల మైదాకి గ్లాసున్నర చక్కెర,
అందులో సగం చేస్తే ఎంత?"
కెజీయా వేళ్లు లెక్కపెట్టి
ఆ వేళ్లే నాకేసింది.

ఓవెన్ లేదు. గాస్కెట్ తీసిన కుక్కర్లో
ఇసుక కాగుతోంది.
వెదురు పుల్లల నక్షత్రానికి నాలుగు కొనలు కుదిరాయి,
ఐదోది ఎలీషా చేతిలో విరిగింది.
బ్రాడీపేటలో కొన్న గాలిపటం కాగితం
మెతుకులతో అంటిస్తే
ఎర్రగా, కొంచెం ముడతగా.

ఇక కథ. తూర్పు జ్ఞానులు,
బంగారము, సాంబ్రాణి, బోళము.
"బోళమంటే?"
ముప్పై ఏళ్లుగా చదువుతున్న మాటే.
తెలీదు.

చేటలో కందులు చెరుగుతూ మా అత్త
తలెత్తకుండానే అంది:
"బాలింతబోలేగా! నీకు పెట్టలా నేను?
చేదని ఉమ్మేశావు కూడానూ."

కెజీయా కాసేపు మాట్లాడలేదు.
"అయితే ఆ మూడో తాత
వాళ్లమ్మకి తెచ్చాడన్నమాట."

ఆ పూట కేకు అడుగంటింది.
గీకి తిన్నాం.
మొదటి ముక్క
అత్తకి పెట్టాను.