ఎడమకి ఒక అడుగు

తురహళ్ళిని అడవి అంటే
మా కంటి ఆసుపత్రిలో నవ్వుతారు.
"ఆ నీలగిరి చెట్ల గుట్టా?" అంటారు.
వజరహళ్ళిలో మెట్రో దిగి అరగంట నడిస్తే
నాకు మాత్రం అది అడవే.

వారమంతా చీకటిగదిలో
జనం కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి
"ఇదా బాగుంది, అదా బాగుంది?" అని అడిగేదాన్ని.
ఆదివారం ఆ ప్రశ్న నన్ను నేనే వేసుకుంటాను
ఎస్పీ రోడ్డులో బేరమాడి కొన్న పాత కెమెరాతో.

గుట్టమీద ఒక బండ,
చూడి గేదె పడుకున్నట్టు.
దాని పక్కన కానుగ చెట్టు.
ఒకే బండ, ఒకే చెట్టు, ఏడాది పొడుగునా:
జనవరిలో పెట్టుకున్న మొక్కు ఇది.

మొదటి ఫొటోలో గేదె సగమే ఉంది,
మిగతా సగం మంచు తాగేసింది.
వెనకాల ఎక్కడో
అగ్గిపుల్లంత పసుపుపచ్చ క్రేను.
ఎడమకి ఒక అడుగు జరిగాను.
కానుగ మొదలు వెనక్కి పోయింది.

మార్చిలో ఆకు రాలిపోయింది.
ఆకు లేని చెట్టు ఏదీ దాచదు.
ఇంకో రెండడుగులు.
ఆవేళే ఎండుగడ్డి అంటుకుంది.
ఫారెస్టు వాచరు సిద్ధలింగయ్య
పచ్చికొమ్మతో మంటని బాదుతూ
"ఫోటో ఆమేలె, మొదలు నీరు కొడి!" అని అరిచాడు.
సీసా ఇచ్చేశాను.
ఆ ఫొటో ఇప్పటికీ బూడిద వాసన వేస్తుంది,
నాకొక్కదానికే.

ఉగాది వెళ్ళిన వారానికి
కానుగకి లేతాకు, నూనె రాసిన బిడ్డలా.
మే నెలలో దాని పూలు రాలి
కాలిబాట మీద ఎవరో మరమరాలు ఒలకబోసినట్టు.
జూన్‌లో బాటే వాగయింది,
ఎర్రమట్టిలో నా బూటు అట్ట ఊడింది.
అతికించుకుందామని వంగితే
ఆరుద్ర పురుగు,
మొఖమల్ బొట్టు ఒకటి నడుస్తోంది.
దాని వెనక మోకాళ్ళమీద ఎంతసేపు పాకానో,
ఆ నెల బండ ఫొటో లేదు.

వానలు వెలిశాక చూస్తే
క్రేను పక్కన మరో రెండు మొలిచాయి.
వాటి కింద గోడలు, గోడల్లో కిటికీల గుంటలు.
అడుగు, మళ్ళీ అడుగు,
అక్టోబరు సీతాకోకల మధ్య,
నవంబరు సాలెగూళ్ళలోంచి
నడుందాకా లాంటానా ముళ్ళపొదలో,
వీపుకి కంచె తగిలేదాకా.
ఇక ఎడమ లేదు.

డిసెంబరు. గేటు బయట టీ బండి.
పచ్చ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్న మనిషి అడిగాడు:
"ఆ కెమెరా ఎంతుంటాదండీ?"
తెలుగు! తిరిగి చూశాను.
పేరు తవిటినాయుడు, టెక్కలి దగ్గర పల్లె.
క్రేను నడుపుతాడు.
"పైన ఒక్కన్నేనండి. పనాగితే దిగడానికి ఓపికుండదు.
అందికే ఫొటోలు తీస్తుంటాను."

పగిలిన ఫోను అద్దం కింద
నా అడవి, పైనుంచి.
జనవరిలో పాలకడలి, అందులో గేదె వెన్ను ఒక్కటే తేలుతోంది.
మార్చిలో నల్లటి గీత, చెదిరిన కాటుక.
జూన్‌లో ఆకుపచ్చ,
అన్ని ఆకుపచ్చలున్నాయని కింద నాకు తెలీలేదు.
చలికి వణికే వేలితో జరుపుతూ పోతున్నాడు.

"ఒకటే ఇబ్బందండీ.
పెతి ఆదోరం ఈ ఎర్రచుక్క అడ్డొస్తాది.
సూడండి, ఇక్కడా, ఇక్కడా.
పైగా కుదురుండదు, జరుగుతుంటాది.
ఆకర్న పొదలో దూరిపోనాది.
ఏటి సేస్తాదో మరి!"

నెత్తిమీది ఎర్రటోపీ
మెల్లిగా తీసి సంచిలో పెట్టుకున్నాను.
టీ చల్లారిపోయింది.
అతను డబ్బులిచ్చి, నా టీకి కూడా ఇచ్చి,
హెల్మెట్ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం
జనవరిలో నిలబడ్డ చోటే నిలబడ్డాను.
బండ, కానుగ, వాటి నెత్తిన క్రేను,
దాని కింద ఎవరో కొనేసుకున్న నలుచదరపు ఆకాశాలు.
ఇదా బాగుంది, అదా బాగుంది?
రెండు అద్దాల్లోనూ మసకే.
టోపీ పెట్టుకుని
నొక్కాను.