ముప్పైనాలుగు

ప్రోగ్రెస్ కార్డు అడుగున రెండు గీతలు.
ఒకదాని కింద ఫాదర్ ప్రిన్సిపాల్,
ఇంకోదాని కింద ఫాదర్ ఆర్ గార్డియన్.
విజయనగరం కంటోన్మెంటు, పునీత లారెన్సు బాలుర పాఠశాల.
కార్డు ఇంటికి తెస్తే మా అయ్య,
"ముందల నీ బడి ఫాదర్ని ఎయ్యమను, ఎనకాల నానేస్తాను" అనేవాడు.

ఎనిమిదో తరగతి, అర్ధ సంవత్సర పరీక్ష.
లెక్కలు: ముప్పైనాలుగు.
ఎర్ర సిరా. కింద గీత కూడా, స్కేలు పెట్టి గీసింది.

ఫాదర్ కురియాకోస్‌ది కేరళ.
తెలుగు వ్యాకరణ పుస్తకంలోంచి నేర్చుకున్నారు గనక
తిట్టినా గ్రాంథికంలోనే తిట్టేవారు.
"ఒక్క మార్కు, ఫాదర్" అన్నాను.
"ఎచటినుండి తెచ్చెదను? నీవు చేయని లెక్కనుండియా?"
నవ్వాలో ఏడవాలో తెలియక
కిటికీలోంచి సైకిల్ స్టాండు చూశాను.

అక్కడ అన్నిటికీ కొలతే.
మార్జిను రెండు వేళ్ళు. జుట్టు చెవికి తగలకూడదు.
ఇంగ్లీషు పీరియడ్లో తెలుగు దొర్లితే పది పైసలు,
నా బాకీ అప్పటికి రూపాయి నలభై.
జవాబు సరైనదే అయినా, దారి చూపించకపోతే సగం మార్కులే.
దారి చూపుము, దారి చూపుము,
పొద్దున్న ప్రార్థనలోనూ అదే మాట.
దేవుడు మాకు చూపాలో, మేం ఫాదర్‌కి చూపాలో
పదో తరగతి దాకా తేలలేదు.

అయ్య నెల్లిమర్ల జూట్ మిల్లులో స్పిన్నింగు.
షిఫ్టు దిగి వచ్చేసరికి కనుబొమల మీద గోగునార నూగు.
సంతకం రాదు. బొటనవేలికి నా పెన్ను సిరా పూసి
తన గీత మీద నొక్కాడు.
నీలం మచ్చ. అందులో ఒక్క రేఖ లేదు.
పద్దెనిమిదేళ్ళ నార తినేసింది.

కార్డు తిరిగొచ్చింది: "అస్పష్టము. మరల."
కిరసనాయిలుతో తోమాడు, కుంకుడు నురగతో తోమాడు.
మళ్ళీ మచ్చే.
మూడోసారి అయ్యే వచ్చాడు, పాసింజరు దిగి, నడిచి,
పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకుని.
కుర్చీ చూపించినా కూర్చోకుండా వేలు చాపాడు.
"ఇదేనండి బావూ. ఇంతకన్నా నేదు."

ఫాదర్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
ఆ వేలిని కిటికీ వెలుగులోకి తిప్పి
జవాబు పత్రం చూసినట్టే చూశారు.
మచ్చ చుట్టూ సున్నా చుట్టి పక్కన రాశారు:
"చెల్లును. నేను చూచితిని."
నేను ఆశగా పై గడి చూశాను.
ముప్పైనాలుగు ముప్పైనాలుగులాగే ఉంది.

"సాయంత్రము నాలుగున్నరకు నిలువుము."
నిలిచాను, ఏప్రిల్ దాకా.
చక్రవడ్డీ, సమీకరణాలు, చిల్లుపడ్డ తొట్టి నిండే గంటలు.
చివరి పరీక్షలో ముప్పైఎనిమిది.
అయ్య వేళ్ళు మడిచి చూసుకుని
"నాలుగేట్రా?" అన్నాడు, "అన్నేసి సాయంత్రాలకి?"

ఇప్పుడు అదే బడిలో లెక్కలు నేనే చెబుతాను.
గేటు మీద ఫ్లెక్సీ: నూటికి నూరు శాతం ఉత్తీర్ణత.
కొత్త ఫాదర్ మంచివాడే. మెల్లగా అంటాడు,
"అంచున ఉన్నవాళ్ళని కాస్త చూడండి మాస్టారూ."
అంచున ఉన్నది గరివిడి కుర్రాడు,
తాత పేరు మోస్తున్న బెవర తవిటినాయుడు.
వాడి పేపరు మూడుసార్లు కూడాను.
మూడుసార్లూ అదే అంకె.
"ఒక్కటే కద సార్" అన్నాడు, కాలి వేలితో గచ్చు మీద గీస్తూ.
గ్రాంథికం నోటిదాకా వచ్చింది. మింగి,
"నాలుగున్నరకి ఆగు" అన్నాను.

అన్నాక గడియారం చూసుకున్నాను.
ఆరింటి పాసింజరు పోయినట్టే.
పొద్దున తిన్న ఉప్మా ఎప్పుడో అరిగిపోయింది.
అప్పుడు తోచింది:
ఆ నాలుగు నెలలూ, ఫాదర్ల భోజనాల గంట మోగుతుంటే
కురియాకోస్ గారు నా పక్కనే, చల్లారిన టీ గ్లాసుతో,
నా వడ్డీ లెక్క మొదట్నుంచీ కూడుతూ ఉండేవారు.
ఆకలేస్తోందా ఫాదర్, అని
ఒక్కరోజూ అడగలేదు.

తవిటినాయుడు బోర్డు తుడిచాడు, సుద్దముక్క అందుకున్నాడు.
"ఎక్కణ్ణుంచి సార్?"
"నువ్వు చెయ్యని దగ్గర్నుంచి."