కాకిస్నానం

బస్సు దిగగానే రియోహే ముక్కు మూసుకున్నాడు.
"ఊరంతా కుళ్లిన గుడ్డు" అన్నాడు.
నిజమే. మురిక్కాలవల్లోంచి కూడా ఆవిరి.
మంచు పేరుకున్న చూర్ల కింద
నేల ఉడుకుతున్న చప్పుడు.

కరసు అంటే కాకి, యు అంటే వేన్నీళ్లు.
కాలు విరిగిన కాకి ఒకటి
ఈ బుగ్గలో మూడు రోజులు మునిగి
నాలుగో రోజు ఎగిరిపోయిందట.
స్నానాల ఇంటి గుమ్మం పక్కన చెక్కి ఉంది.
నాన్న ఆ కథ రెండుసార్లు చదివాడు.
పక్కనున్న రెండో పలక
ఆయన చదవక్కర్లేదు.
ఒంటిమీద పచ్చబొట్లున్నవారు లోపలికి రారాదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. నాకు తెలుసు.
ఆగస్టులోనూ పొడుగు చేతుల చొక్కా.
సముద్రానికెళితే గొడుగు కింద చెప్పులకి కాపలా.
ఇంట్లో స్నానాలగదికి మాత్రం
లోపల గొళ్లెం.
ఈ ప్రయాణానికని బియ్యం డబ్బాలో
రెండేళ్లు డబ్బు దాచిన అమ్మ
ఆ పలక సంగతి మరిచిందో,
మరవనే లేదో.

రియోహేకి ఆ వారమే ఏడు నిండాయి.
ఏడు నిండితే ఎర్ర తెర వైపు, అమ్మతో, కుదరదు.
నీలం తెర ముందు నిలబడ్డాడు
నెత్తిన మడిచిన తువ్వాలు,
చేతిలో చెక్క ముంత,
యుద్ధానికి పంపుతున్నట్టు మొహం.
నాన్న వంగి వాడి యుకాతా అంచు సరిచేశాడు,
ఎడమది పైకి.
కుడిది పైకొస్తే శవానికి చుట్టినట్టు.
"నాకు జలుబు. నువ్వెళ్లు."
ఆ జలుబు నాకంటే వయసులో పెద్దది.

ఆడవైపుకీ మగవైపుకీ మధ్య చెక్కగోడ
కప్పుదాకా పోదు.
ఆవిరి అటూ ఇటూ తిరుగుతుంది,
దాన్ని ఏ తెర దగ్గరా ఎవరూ ఆపరు.
అమ్మ గడ్డందాకా మునిగి, తలెత్తి,
"రియోహే! మెడ వెనక రుద్దుకున్నావా?"
జవాబు లేదు.
కాసేపటికి ఎవరిదో ముసలి గొంతు:
"లేదమ్మా. బొటనవేలు ముంచి తీస్తున్నాడు.
చన్నీళ్లు కలపనా అంటే పలకడు."
ఇటువైపు అందరూ నవ్వారు.
అమ్మ మొహం మీద ఆవిరి, నేను సరిగా చూడలేదు.

అయిదు నిమిషాల్లో వాడు బయట.
ఒట్టి కాకిస్నానం.

గుమ్మం ఎదురుగా కాళ్లు పెట్టుకునే తొట్టి.
నాన్న పాంటు మడిచి కూర్చున్నాడు,
మోకాళ్ల కిందిదాకానే ఆయనకి ఈ ఊరు.
పక్కన వలసంచిలో గుడ్లు ఉడుకుతున్నాయి.
"లోపల అందరికీ నాన్నలున్నారు" అన్నాడు రియోహే
పెంకు ఒలుచుకుంటూ, ఎవరితోనూ కాదు.

టికెట్లిచ్చే ఉమెనో అవ్వ మంచు తోస్తోంది.
చీపురు ఆపకుండానే,
"పదింటికి మూస్తాను. ఆ వేళకి ఎవరూ ఉండరు.
ఆవిరి దట్టం.
ఈ కళ్లద్దాలకి అసలేమీ ఆనదు."
నాన్న ఏదో అనబోయి
నిజంగానే తుమ్మాడు.

పది.
గోడ అవతల రెండు జతల పాదాలు.
ఒక ముంత నీళ్లు. ఇంకో ముంత.
అమ్మ ఈసారి ఏమీ అరవలేదు.
నీళ్లలో నా మోచెయ్యి పట్టుకుంది.

"చేపా?"
"ఊఁ."
"రంగేది మరి?"
చాలాసేపు బుగ్గ చప్పుడు.
"గీతలయ్యేసరికి మీ అమ్మ కనిపించింది.
రంగుకని దాచిన డబ్బుతో ఫ్రిజ్ కొన్నాం."
అమ్మ తలతో సహా మునిగిపోయింది.
నవ్వు బుడగలై పైకొచ్చింది.

తర్వాత వీపు రుద్దుతున్న చప్పుడు.
"గట్టిగా."
"పోవట్లేదు నాన్నా."
"అది పోదురా. మురికి పోతుంది. కానీ, రుద్దు."

నలభై నిమిషాలకి వచ్చాడు రియోహే,
వేళ్లు ఊరేసిన రేగుపళ్లలా ముడుచుకుపోయి.
సీసా పాలు ఒక్క గుక్కలో తాగి
మూతికి తెల్లమీసంతో,
"నేను నీళ్లు పోస్తే
నాన్న వీపుమీద చేప ఈదింది!" అన్నాడు.

ఉమెనో అవ్వ కళ్లద్దాలు తీసి,
కొంగున తుడిచి, మళ్లీ పెట్టుకుని,
నాన్నని నిలువునా చూసి,
"ఏ చేప?" అంది.