ముప్పై సెకన్ల నమ్మకం

రాత్రి ఒకటిన్నరకి టాలిన్‌లో
మంచు తోసే బండి కిటికీ కింద గీరుకుంటూ పోయింది.
నేనప్పుడే రేవుల సర్వీసుని
పాత క్లస్టర్ నుంచి కొత్తదానికి దించాను.
ఇల్లు మారినవాడు చెప్పకుండా పోతే
ఉత్తరాలు పాత గుమ్మంలోనే పడుంటాయి గదా,
అందుకని రిజిస్ట్రీ తెరిచి
ఒక్కో పేరు పక్కనా కొత్త అంకెలు రాశాను.

పేర్లు మారవు. పడవ వేళలు, రుసుము, ఖాళీ సీట్లు.
మారేదల్లా పేరు వెనకాల నిలబడే మనిషి.
మనిషి కాదు, యంత్రం.
యంత్రమూ కాదు, దాంట్లో గంటకింతని అద్దెకున్న ఓ మూల.
పది సెకన్లకోసారి ఆ మూలని అడుగుతాం:
ఉన్నావా?
ఉన్నా.
ఉన్నావా?
ఉన్నా.
మూడుసార్లు పలక్కపోతే పేరు కొట్టేస్తాం.
దినవారాలేమీ లేవు.

చెప్పిన అడ్రసుని ఎంతసేపు నమ్మాలన్నదే అసలు పేచీ.
పాత సెట్టింగులో ఒక రోజంతా నమ్మేవాళ్ళం.
నిన్న విన్నదాన్నే ఇవాళా పట్టుకు వేలాడే ఆ నమ్మకాన్ని
ముప్పై సెకన్లకి కుదించాను.
సేవ్ నొక్కాక వేళ్ళు చల్లబడ్డాయి.
హీటరు పనిచేస్తూనే ఉంది.

అన్నీ మళ్ళాయి, తెర నిండా పచ్చచుక్కలు.
ఒక్కటి తప్ప.

పాత గుమ్మం ఎవరో తడుతున్నారు,
రెండు నిమిషాలకోసారి, విసుగన్నది లేకుండా.
పేరు పెట్టి కాదు, నేరుగా అంకెల్తోనే,
రిజిస్ట్రీ అని ఒకటుందన్న సంగతే తెలియనట్టు.
ఆరింటికి ఆ గుమ్మాన్నే ఆర్పేయాలి నేను.

లాగులు తిరగేశాను. హీయుమా ద్వీపం.
సముద్రం గట్టిపడిన చలికాలాల్లో
నీళ్ళమీదే రోడ్డు తెరుస్తారు అక్కడికి.
సీటు బెల్టు పెట్టుకోకూడని రోడ్డు,
మంచు విరిగితే దూకాలి కదా.
దాని మందం కొలిచే కర్ర ఒకటి
ఎవరూ లేని చోటికి సెంటీమీటర్లు చెబుతోంది:
ఇరవై ఆరు. ఇరవై ఆరు. ఇరవై ఐదున్నర.

ప్రోగ్రాం రాసింది కాల్యు, పదకొండేళ్ళ కింద.
అంకెల పక్కన అతని కామెంటు: ఇది మారదు.
రిటైరై నాలుగేళ్ళు. ఫైల్లో ఉన్న ఫోను
వాడుకలో లేదంది ఓ ఆడగొంతు,
ఆ గొంతుకి ఏ బాధా లేదు.

నాలుగున్నరకి కెర్ద్లాలో రొట్టెల కొట్టుకి చేశాను.
విర్వె పిండి చేతుల్తోనే ఎత్తింది.
కాల్యు ఎక్కడుంటాడు?
ఏ రోజున? అంది.
సోమ, మంగళ కూతురింట్లో.
బుధవారం కట్టెలు కొడతాడు, తమ్ముడి ఆవిరి స్నానం గదికి.
ఇవాళ గురువారం గదా, ఐదుకల్లా ఇక్కడే,
రై రొట్టె మాడిన అంచు అతనికి తప్ప ఎవరికీ అక్కర్లేదు.
పోయిన వారం రాలేదు. ఇవాళా రాకపోతే
నేనే పోయి తలుపు తడతా.
నువ్వింకా పడుకోలేదా, మైరిత్?

ఐదూ పదికి ఫోను మోగింది. నోట్లో రొట్టెతో కాల్యు.
మారదని రాశావు, అన్నాను.
రాసినప్పుడు మారలేదుగా, అన్నాడు.
కాస్సేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు,
వెనకాల విర్వె ట్రేలు లాగుతున్న చప్పుడు.
తర్వాత టార్చీ పట్టుకుని ఒడ్డున ఉన్న గుడిసెకి నడిచాడు,
అంకెలు చెరిపి పేరు రాయడానికి.
నేను పాత గుమ్మాన్ని ఇంకో గంట వెలిగించి ఉంచాను.

ఫైల్లో అతని నంబరు తీసేసి
విర్వె కొట్టులో అడగాలి, అని రాశాను.
ఎంతసేపు నమ్మాలో రాసే గడి ఆ ఫైల్లో లేదు.

ఏడుంపావుకి కొత్త గుమ్మంలో
ఇరవై మూడు, అని పడింది.
రోడ్డుకి అడ్డంగా గేటు దించారు.
తొమ్మిదింటి పడవలో కారుకి చోటుందా అని
ఎవరో అప్పుడే అడుగుతున్నారు.