పదకొండు తాళంచెవులు

ఈ నెల నా సంచిలో పదకొండు తాళంచెవులు.
ఒక్కోదానికీ దారం కట్టి పేరు పెట్టుకున్నా:
కుక్క ఉన్న ఇల్లు, బోరు ఎండినది,
విడాకుల వాళ్లది, జల్దీ అమ్మాల్సింది.
డోర్ నంబర్లు నాకు ఎన్నడూ గుర్తుండవు.

పొద్దున్నే ఊరంతా నా ఫోన్లో నిద్రలేస్తుంది.
అల్వాల్ దిక్కు రోడ్డు మళ్లీ తవ్విండ్రట,
ఆదివారం బోనాలకు బస్సులు మళ్లిస్తరట,
ట్యాంకరు పైపు కోసం రెండు గల్లీలు కొట్టుకున్నయట.
మీకివి కబుర్లు.
నాకు మాత్రం గజానికి అయిదొందలు ఎక్కడమో
వెయ్యి దిగడమో.

కొనేవాళ్లు ఏం చూస్తారో చూసీ చూసీ నాకు కంఠతా వచ్చింది.
భర్త కారు పట్టే జాగా చూస్తాడు,
అత్తగారు కొంగుముడి విప్పి దిక్సూచి తీస్తుంది,
పొయ్యి ఆగ్నేయంలో లేకుంటే
మిగతా ఇల్లంతా ఆమెకు లేనట్టే.
పిల్లలొక్కరే అటక ఎక్కుతారు.

నాగభూషణం గారు అట్లా కాదు.
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ల ఆపరేటరు,
పుట్టుకతోనే చూపు లేదు.
భార్య సులోచన భుజం మీద రెండు వేళ్లు ఆనించి
తుంగకుంట కాలనీ, కింది అంతస్తు ఫ్లాటుకు
చెప్పులు విడిచి వచ్చాడు.
అమ్మకానికున్న ఇంట్లోకి చెప్పులు విడిచినోణ్ని
నేనెప్పుడూ చూడలేదు.

హాల్లో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టాడు.
"పద్నాలుగడుగులు. స్లాబు కొంచెం కిందికుంది."
వంటింట్లో గాలి పీల్చి,
"ఇక్కడ చేపలు బాగా వండేవాళ్లు," అన్నాడు.
నాకు నవ్వొచ్చింది. నిజమే, వండేవాళ్లు.

పడకగదిలో మాత్రం మాట్లాడలేదు.
గోడ మీద అరచెయ్యి పెట్టి
జ్వరమొచ్చిన పిల్లాణ్ని తడిమినట్టు
కిందినుంచి పైకి మెల్లగా జరిపాడు.
మోకాలి ఎత్తున చెయ్యి ఆగింది.
"అమ్మా, నీళ్లు ఇక్కడిదాకా వచ్చినయా?"

పోయిన వారమే లప్పం పెట్టించా,
రెండు పూతల రంగు వేయించా, మీగడ తెలుపు.
సులోచన నా మొహం చూసింది.
ఆయన చూడలేదు,
నాకు అదే ఎక్కువ భయమైంది.

కిటికీ అవతల, కాంపౌండు గోడ వెనక
కప్పలు అందుకున్నాయి.
"ఎవరివీ గొంతులు?"
"పాత ఓనర్లు సార్," అన్నా, నోరు జారి.
"కాగితాలున్నయా వాళ్లకు?"
ఉన్నాయి. నేను చూశా.
పాత పహాణీలో ఈ జాగాకు ఎదురుగా
శిఖం అని ఒకే ఒక్క మాట,
దాని మీద ఎన్ని సంతకాలు పడ్డా
చెరువు ఆ మాట మరిచిపోలేదు.
ఆ అక్టోబరు రాత్రి ఈ గల్లీలోంచి
ఒక బాలింతను జేసీబీ తొట్టిలో ఎక్కించి తీసుకుపోయారు.
నేను మిద్దె మీంచి టార్చి పట్టుకున్నా.
తెల్లారి రేట్లు పడతాయని
నాకే ముందు తట్టింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు శాతం కమీషను.
బిడ్డ ఇంటరు ఫీజు.
నాలుకమీద తయారుగా ఉన్న అబద్ధం: అది పైపు లీకేజీ సార్.

"మోకాలు కాదు సార్," అన్నా. "నడుముదాకా."

ఆయన కాసేపు కప్పల దిక్కే చెవి పెట్టి ఉన్నాడు.
"నైట్ డ్యూటీలో లైన్లన్నీ ఖాళీ అయితే
హెడ్‌ఫోన్లో ఇదే హోరు ఉండేది.
నాకీ ఇల్లు నచ్చింది. ఎంత తగ్గిస్తరు?"

"మీకు నచ్చుతది," అంది సులోచన,
"వాన పడ్డ రాత్రి మంచం ఎత్తేది నేను."
నా దిక్కు తిరిగి, "పైన ఏమన్నా ఉన్నదా?"

సంచి దులిపా. విడాకుల వాళ్లది, మూడో అంతస్తు.
లిఫ్టుకు ఇంకా కరెంటు ఇవ్వలేదు.
ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని
మెట్లు లెక్కపెడుతూ ఎక్కుతున్నాడు,
పద్దెనిమిది, పంతొమ్మిది,
మలుపు దగ్గర ఒకసారి చప్పట్లు కొట్టి చూసుకుని.

కింది ఫ్లాటు ఓనరు ఫోను
నా చేతిలో మోగుతూనే ఉంది.