వీసం

రెండో సెమిస్టరు. కుతాయిసిలో వాన.
సున్నా పాయింటు ఒకటిని పదిసార్లు కూడమన్నాను,
యంత్రం ఒకటి అనలేదు.
ఒకటికి వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

అర, పావు, పరక, వీసం:
దానికి నోరు తిరిగేవి ఇవే.
పదోవంతు దగ్గర నత్తి.

తప్పు నాదే అనుకుని తెల్లవార్లూ
పేలు దువ్వినట్టు కోడంతా దువ్వాను.
ఒక్కటీ రాలలేదు.

పొద్దున సంగీతం బడికి సంచి మోస్తూ వెళ్ళాను.
ముసలి పియానోలో తల దూర్చి నాన్న.
రెండు తీగలు ఒకేసారి మోగితే
గాలిలో అల, అల...
బిరడా తిప్పేకొద్దీ అలకీ అలకీ ఎడం పెరిగి
ఇంకా కాస్త మిగిలుండగానే
చెయ్యి తీసేశాడు.

"పూర్తిగా కలపవేం?"
"ఇక్కడ కలిస్తే అక్కడ ఏడుస్తుంది, నుత్సా.
ఉన్న అపశ్రుతిని పన్నెండిళ్ళకీ పంచాలి,
ఎవరి వాటా వాళ్ళకి వినపడనంత."
టీ అడిగాడు. చక్కెర మర్చిపోయాను.

మధ్యాహ్నం పరీక్ష.
జవాబు అక్కర్లేదంది ఖతూనా మేడం,
తప్పు ఎంతకి మించదో చెప్పమంది.

రాస్తున్నాను.
కాగితం నిండా
నా వేళ్ళ తుప్పు వాసన.